బుడమేరు నీళ్లలో మునిగిన అంతరిక్ష నౌక

సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లున్నవాళ్లకి 2024 సెప్టెంబరు మొదటి వారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున లేచి చూసేసరికి బుడమేరు వీధిలో ఉంది. మధ్యాహ్నానికి ఇంట్లోకొచ్చింది. అటు కృష్ణమ్మ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో కొత్త రికార్డు రాస్తోంది. మేమంతా మేడెక్కి కూర్చున్నాం. ఫోన్లలో చార్జింగ్ లేదు, తాగడానికి నీళ్లు లేవు. చుట్టూ మాత్రం నీళ్లే. ఆకాశంలోంచి డ్రోన్లు అన్నం పొట్లాలు దించుతుంటే పిల్లలు చేతులూపుతున్నారు.

పాత టీవీ సిరీస్ గురించి చెప్తానని వరదతో మొదలెట్టాడేంటి అనుకోకండి. నా జీవితంలో కళ్లారా చూసిన సైన్స్ ఫిక్షన్ సీను ఆ డ్రోన్లే. నేను రాయబోయే సిరీస్ కూడా ఆ నీళ్లలోనే ఉంది మరి.

నీళ్లు తగ్గాక కింది వాటాలోకి దిగిన ప్రతివాళ్ల దగ్గరా ఓ లిస్టు ఉంది. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, బండి, పిల్లల సర్టిఫికెట్లు, బియ్యం బస్తా. నా లిస్టులో పైకి చెప్పుకోలేనిది ఇంకోటుంది. మంచం కింద ఇనప పెట్టె. అందులో నూటపాతిక పైచిలుకు డిస్కులు. పెట్టె మూత తీస్తే బురద, దాని మధ్యలో వాచిపోయిన అట్టపెట్టె ఒకటి. ముట్టుకుంటే అట్ట ముద్దలా చేతికొచ్చేసింది. దానిమీద ఉండాల్సిన బొమ్మ లేదు, పేరు లేదు. లోపల నాలుగు డిస్కులు మాత్రం ఉన్నాయి. అదే 'ఫైర్‌ఫ్లై'.

"వాటిని కడుగుతున్నావేంట్రా, పొలంలో కట్టుకోడానికా?" అంది పక్కింటి పిన్ని. పిట్టలు వాలకుండా పాత సీడీలు దారాలకి కట్టి చేలల్లో వేలాడదీస్తారుగా, అందుకని.

డిస్కుల్నీ కడగొచ్చు

ఇది మీలో ఎవరికైనా పనికొస్తుందేమో, చెప్పేస్తా. ఆ పెట్టెలో మొదట పోయినవి పాత ఆడియో సీడీలు, వీసీడీలు. ఎందుకంటే సీడీలో మెరిసే లోహపు పొర పైన లేబుల్ వైపే ఉంటుంది. దానిమీద పల్చటి లక్క పూత, అంతే. ఆ పూతలోకి తడి దూరితే పొర పొట్టు లేచినట్టు లేచిపోతుంది. డీవీడీ కట్టుబడి వేరు. దాని మందం మొత్తం 1.2 మిల్లీమీటర్లే అయినా అందులో 0.6 మిల్లీమీటర్ల బిళ్లలు రెండుంటాయి. లోహపు పొర ఆ రెండింటి మధ్యలో, శాండ్‌విచ్‌లో ఉల్లిపాయలా. అంచుల దగ్గర అతుకు ఊడనంతవరకూ బురద లోపలికి వెళ్లదు. అందుకే వీసీడీలన్నీ చెత్తబుట్టలోకి పోయాక కూడా డీవీడీలు కాస్త ఆశగా కనిపించాయి.

మంచినీళ్లలో ముంచి, పాత్రలు తోమే సబ్బు నీళ్లు రెండు చుక్కలేసి, మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడిస్తే గీతలు ట్రాక్ పొడుగునా పడతాయి, అప్పుడు ప్లేయర్ తడబడుతుంది. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి. మేడమీద పాత దుప్పటి పరిచి ఆరబెట్టా. ఒక పక్క మా అమ్మ తడిసిన పట్టుచీరలు, ఇంకో పక్క నా అంతరిక్షం.

అసలేంటీ సిరీస్?

చూడనివాళ్లకి క్లుప్తంగా. 2002లో అమెరికాలో ఫాక్స్ చానల్లో వచ్చింది. తీసినాయన జాస్ వీడన్. కథ ఇప్పటికి దాదాపు 500 ఏళ్ల తర్వాత జరుగుతుంది. మనుషులు భూమి వదిలేసి వేరే నక్షత్రం చుట్టూ ఉన్న గ్రహాల్లో కాపురం పెట్టారు. మధ్య గ్రహాలు ధనిక గ్రహాలు. వాళ్ల ప్రభుత్వం పేరు అలయన్స్. అంచు గ్రహాలేమో దుమ్ము, గుర్రాలు, కరువు. అలయన్స్ అందర్నీ ఒకే పాలన కిందికి తేవాలనుకుంటే అంచువాళ్లు ఎదురుతిరిగి యుద్ధం చేసి ఓడిపోయారు. ఆ ఓడిపోయిన సైన్యంలో సార్జెంటు మాల్ రెనాల్డ్స్. నాథన్ ఫిలియన్ వేశాడు. యుద్ధమయ్యాక ఓ పాత సరుకు నౌక కొనుక్కుని, తాము ఓడిపోయిన లోయ పేరే దానికి పెట్టుకుంటాడు: సెరినిటీ. అందులో తొమ్మిదిమంది. సరుకు మోస్తారు, స్మగ్లింగ్ చేస్తారు, ఒక్కోసారి దొంగతనమూ చేస్తారు. డబ్బులు మాత్రం ఎప్పుడూ ఉండవు.

మొత్తం 14 ఎపిసోడ్లు తీశారు. చానల్ వేసింది 11. అవి కూడా వరస తప్పించి. కథ మొదలయ్యే రెండు గంటల తొలి భాగం నెమ్మదిగా ఉందని పక్కనపెట్టి, రైలు దొంగతనం ఎపిసోడ్‌తో సెప్టెంబరు 20న మొదలెట్టారు. ఆ తొలి భాగాన్ని డిసెంబరు 20న, అన్నిటికంటే ఆఖర్న వేశారు. ఎవరు ఎవరో తెలియని ప్రేక్షకుడు ఎందుకు చూస్తాడు? రేటింగులు రాలేదన్నారు, ఆపేశారు.

2003 డిసెంబరు 9న నాలుగు డిస్కుల డీవీడీ సెట్ వచ్చింది. 14 ఎపిసోడ్లూ, దర్శకుడు అనుకున్న వరసలో. కథ అక్కడ మలుపు తిరిగింది. చానల్ పనికిరాదన్న సిరీస్‌ని జనం దుకాణాల్లో కొనడం మొదలెట్టారు. ఒకళ్లు కొని పదిమందికి ఇచ్చారు, ఆ పదిమందిలో నలుగురు మళ్లీ కొన్నారు. లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ అమ్మకాలు చూసే యూనివర్సల్ స్టూడియో ముందుకొచ్చి 2005 సెప్టెంబరు 30న 'సెరినిటీ' సినిమా విడుదల చేసింది. ఆగిపోయిన టీవీ సిరీస్‌కి, అదీ సగంలో పీకేసినదానికి, హాలీవుడ్ సినిమా రావడం చిన్న విషయం కాదు. సినిమా పెద్దగా ఆడలేదు, అది వేరే సంగతి.

డల్లాస్ టు పాయకాపురం

మాకెలా వచ్చిందంటే, కృష్ణా జిల్లాలో ఏ ఇంటికైనా అన్నీ ఎలా వస్తాయో అలాగే. అమెరికా నుంచి. డల్లాస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు 2008లో చెల్లెలి పెళ్లికి వస్తూ సూట్‌కేసులో చాక్లెట్లు, సెంటు సీసాలతో పాటు ఇది కూడా పడేసుకొచ్చాడు. "నీకు రాకెట్ల పిచ్చి కదా, చూడు" అని ఇచ్చాడు. నేనప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు.

ఇంట్లో ప్లేయర్‌లో పెడితే ఆడలేదు. డీవీడీలకి రీజియన్ అని ఓ గొడవుంది, ఇప్పటి పిల్లలకి తెలీదు. అమెరికా డిస్కులు రీజియన్ 1. మనది రీజియన్ 5. అక్కడి డిస్కు ఇక్కడి కంపెనీ ప్లేయర్‌లో నడవకూడదని కంపెనీలు రాసుకున్న రూలు. కంప్యూటర్ డ్రైవ్‌లో అయితే రీజియన్ మార్చుకోవచ్చు, కానీ ఐదుసార్లే. ఐదోసారి దేనిమీద ఆగితే డ్రైవ్ జీవితాంతం అక్కడే. మమ్మల్ని కాపాడింది మా ఫ్రెండ్ ఇంట్లో ఉన్న పేరూ ఊరూ లేని చైనా ప్లేయర్. దానికి రీజియన్లు, రూళ్లు తెలీవు. ఏది పెట్టినా ఆడేది, ఆఖరికి బీటలు వారిన డిస్కు కూడా.

అలా వాళ్లింటి ముందు గదిలో ఐదారుగురం చేరాం. నలుగురు క్లాస్‌మేట్లు, మా అక్క, అప్పుడప్పుడూ వాళ్ల నాన్న. బాబాయ్ అని పిలిచేవాళ్లం ఆయన్ని. ఆయనకో లారీ ఉంది, ఆయనే తోలేవాడు. ఎండల్లో కరెంటు పోతే ఎపిసోడ్ మధ్యలో ఆగిపోయేది. వచ్చాక మళ్లీ మొదట్నుంచి.

ఒక్కొక్కళ్లదీ ఒక్కో మాట

గుడివాడ నుంచి వచ్చేవాడికి మొదటి రోజే కోపమొచ్చింది. "ఇందులో ఏలియన్స్ ఏర్రా?" అన్నాడు. లేరు. మొత్తం సిరీస్‌లో ఒక్క గ్రహాంతరవాసి ఉండడు. స్పేస్ అన్నాక పచ్చరంగు జీవి ఒక్కటైనా ఉండాలని వాడి గట్టి నమ్మకం. పధ్నాలుగు ఎపిసోడ్లూ చూసి కూడా వాడు మనసు మార్చుకోలేదు. ఇప్పటికీ అదే మాట: "అది ఆవులమంద సినిమా రా, ఆకాశంలో తీశారు." నిజంగానే ఓ ఎపిసోడ్‌లో నౌకలో ఆవుల్ని ఎక్కిస్తారు, కాబట్టి వాణ్ని పూర్తిగా కాదనలేను.

నౌక అంతరిక్షంలో వెళ్తున్నప్పుడు సౌండు ఉండదు. గాలి లేనిచోట శబ్దం ప్రయాణించదని ఎనిమిదో తరగతిలో అందరం చదివాం, పరీక్షల్లో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. అయినా తెరమీద అలా జరిగేసరికి ప్లేయర్ పాడైందనుకుని వెనక వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాం. నాగాయలంక వాడు ఒక్కడే కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. రాత్రిపూట ఏటి మొగ దగ్గర ఇంజిను ఆపేసిన పడవలో కూర్చుంటే అచ్చం ఇలాగే ఉంటుందన్నాడు. స్టార్ వార్స్ నుంచి మొన్నటి సినిమాల దాకా అంతరిక్షంలో డిష్యుం డిష్యుం వినీ వినీ ఉన్నవాళ్లకి ఆ నిశ్శబ్దం అలవాటు కావడానికి మూడు నాలుగు ఎపిసోడ్లు పడుతుంది. అలవాటయ్యాక వేరేవాటిలో చప్పుడు నవ్వొస్తుంది.

మా అక్క అభిప్రాయాలు ఇంకా పదును. నౌకలో మెకానిక్ ఓ అమ్మాయి, కేలీ. చేతులకి గ్రీజు, మొహమ్మీద నవ్వు. అక్కకి ఆ అమ్మాయంటే ప్రాణం. కానీ ఇనారా అనే పాత్ర దగ్గర అక్కకి పడలేదు. ఆ లోకంలో ఇనారా చేసే వృత్తికి లైసెన్సుంటుంది, సమాజంలో గొప్ప గౌరవం ఉంటుందని చెప్తారు. హీరో మాత్రం వీలు దొరికినప్పుడల్లా ఆమెని ఆ పాత బూతుమాటే అంటాడు. "గౌరవం అని రాసిందెవరు, తిట్టించిందెవరు? ఇద్దరూ ఒక్కడేగా" అంది అక్క. ఇంకో ప్రశ్న కూడా తనదే: అందరూ చైనా భాషలో తిట్టుకుంటారు, బోర్డులన్నీ చైనా లిపిలో ఉంటాయి, మరి ఆ తొమ్మిదిమందిలో చైనావాళ్లు ఒక్కరూ లేరేం? అమెరికాలో వీరాభిమానులు కూడా తర్వాత ఇదే అడిగారు. అక్క మా ముందు గదిలో 2008లోనే అడిగేసింది.

ఒక మాట కృతజ్ఞతగా చెప్పాలి. ఇంగ్లీషు సినిమాకి నవరంగ్ థియేటర్‌కి వెళ్తే సగం డైలాగులు పక్కవాళ్ల నవ్వుని బట్టి అర్థం చేసుకునే బ్యాచ్ మాది. డిస్కులో సబ్‌టైటిల్ మీట ఉంది, వెనక్కి తిప్పే మీట ఉంది. ఓ డైలాగు అర్థం కాకపోతే ఆపి, చదివి, ఒకళ్లు తెలుగులో చెప్పి, మళ్లీ నడిపేవాళ్లం. నలభై నిమిషాల ఎపిసోడ్‌కి గంటన్నర పట్టేది. మా ఇంగ్లీషు ఎంతోకొంత బాగుపడిందంటే ఆ మీటల చలవే.

బాబాయ్ ఎపిసోడ్

మూడో డిస్కులో మొదటిది 'ఔట్ ఆఫ్ గ్యాస్'. రాసింది టిమ్ మినియర్. ఇంజిన్ గదిలో చిన్న పార్ట్ ఒకటి పోయి, పేలి, నౌకలో గాలి అందించే ఏర్పాటంతా ఆగిపోతుంది. సాయానికి పిలిస్తే వినపడే దూరంలో ఎవరూ లేరు. కెప్టెన్ అందర్నీ రెండు చిన్న నౌకల్లో పంపేసి తనొక్కడే ఉండిపోతాడు. అటుగా ఎవరో వస్తారు, పార్ట్ ఉందంటారు, ఇవ్వకుండా తుపాకీ పేలుస్తారు. మధ్యమధ్యలో వీళ్లంతా ఈ నౌకలోకి ఎలా వచ్చిచేరారో పాత రోజులు.

ఆ రోజు బాబాయ్ విశాఖ ట్రిప్పు నుంచి అప్పుడే వచ్చి, లుంగీ కట్టుకుని అన్నం పళ్లెంతో తలుపు దగ్గర కూర్చున్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. మేం చెప్పనూ లేదు. చెయ్యి ఎండిపోయేదాకా అలాగే చూశాడు. అయిపోయాక అడిగాడు: "ఆ పిల్ల ముందే చెప్పి ఉంటదే, సామాను మార్చాలని?"

చెప్పింది! మొదటి ఎపిసోడ్‌లోనే కేలీ కొత్త కంప్రెషన్ కాయిల్ కావాలంటుంది. కెప్టెన్ వెటకారంగా ఏదో అని దాటేస్తాడు, డబ్బుల్లేక. ఎనిమిదో ఎపిసోడ్‌లో పోయేది ఆ కాయిల్‌కి సంబంధించిన ముక్కే. మేం నలుగురు ఇంజినీరింగ్ విద్యార్థులం ఆ లింకు గమనించలేదు. మొదటి ఎపిసోడ్ చూడని లారీ డ్రైవరు పట్టేశాడు. "ఓనరు దగ్గర డబ్బులుండవు. మెకానిక్ చెప్తానే ఉంటాడు. ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లినా ఇదే కథ" అన్నాడు. ఆ తర్వాత తుని దాటాక రాత్రి రెండింటికి బండి ఆగిపోతే క్లీనర్‌ని వేరే లారీ ఎక్కించి పంపి, లోడు వదల్లేక తనొక్కడే తెల్లారేదాకా కూర్చున్న సంగతి చెప్పాడు. మేమెవ్వరం అంతకుముందు వినలేదు, వాళ్లబ్బాయితో సహా.

ఇప్పుడు చానల్ చేసిన పని గుర్తుచేసుకోండి. కాయిల్ కావాలని కేలీ అడిగే ఆ తొలి ఎపిసోడ్‌ని వాళ్లు డిసెంబరులో వేశారు. కాయిల్ పోయే ఎపిసోడ్ అక్టోబరులోనే అయిపోయింది. ముందు బండి ఆగిపోయింది, రెండు నెలలకి మెకానిక్ హెచ్చరించింది! డిస్కు లేకపోతే ఆ కథకి తలా తోకా ఉండేవి కావు. ఓటీటీలో సీజన్ మొత్తం వరసగా పడి ఉండే కాలంలో ఇది వింతగా ఉంటుంది గానీ, వరస కోసం జనం డబ్బులు పెట్టి డిస్కులు కొన్నారు ఒకప్పుడు.

అలయన్స్ ఎవరు, అంచువాళ్లెవరు?

ఇంకో అభిప్రాయం దగ్గర నేను ఇప్పటికీ ఆగుతుంటా. 2013లో హైదరాబాద్‌లో ఉద్యోగం, అద్దె గది. రూమ్మేటుది కరీంనగర్. జులై ఆఖర్న ఢిల్లీలో తెలంగాణ నిర్ణయం వచ్చింది. మా బెజవాడలో బంద్‌లు, గదిలో మౌనం. ఇద్దరం మంచివాళ్లమే, మాట్లాడుకోవడానికి మాత్రం ఏమీ మిగల్లేదు. ఓ శనివారం ఊరికే ఈ డిస్కు పెట్టా. కథలో యుద్ధం పేరు 'యూనిఫికేషన్ వార్'. అందర్నీ ఒక్కటిగా కలిపి ఉంచాలనేవాళ్లు ఒకవైపు, మా బతుకు మాకు వదిలెయ్యండి అనేవాళ్లు ఇంకోవైపు. మొదటి పది నిమిషాలకే వాడు నావైపు తిరిగి నవ్వాడు. "అన్నా, నువ్వు అలయన్స్."

ఐదేళ్లుగా నేను నన్ను మాల్ రెనాల్డ్స్ అనుకుంటున్నా. ఎవరైనా అలాగే అనుకుంటారు, కథ హీరోవైపు ఉంటుంది కాబట్టి. వాడు ఒక్క మాటతో నన్ను అలయన్స్ యూనిఫాంలో నిలబెట్టాడు. ఆ రాత్రి చాలాసేపు వాదించుకున్నాం. ఆ రెండు నెలల్లో మేం నిజంగా మాట్లాడుకున్నది అప్పుడే. అమెరికాలోనూ ఈ సిరీస్ మీద గట్టి విమర్శ ఇక్కడే ఉంది. వీడన్‌కి ఈ కథ తట్టింది వాళ్ల అంతర్యుద్ధం మీద రాసిన నవల చదివాక. ఆ యుద్ధంలో ఓడింది బానిసత్వం కోసం పోరాడినవాళ్లు. బానిసత్వాన్ని కథలోంచి తీసేసి, ఓటమిలోని అందాన్ని మాత్రం ఉంచుకుంటే అది న్యాయమేనా అని అక్కడి ప్రేక్షకులు అడిగారు. సరైన ప్రశ్నే. దీనికి తోడు వీడన్‌తో పనిచేసిన నటీనటులు కొందరు 2020, 21లలో అతని ప్రవర్తన మీద బయటికొచ్చి మాట్లాడాక, పాత అభిమానులు చాలామంది ఈ సెట్‌ని అల్మారాలో వెనక వరసలోకి నెట్టారు. మా అక్క "నేను అప్పుడే చెప్పానా" అంది. చెప్పింది.

డిస్కు అంతరిక్షానికి వెళ్లింది

2007 జూన్ 8న నాసా అట్లాంటిస్ షటిల్ బయల్దేరింది. అందులో వ్యోమగామి స్టీవెన్ స్వాన్సన్ ఈ సిరీస్ అభిమాని. ఫైర్‌ఫ్లై, సెరినిటీ డీవీడీలు వెంట తీసుకెళ్లి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వదిలొచ్చాడు. సిబ్బంది ఖాళీ వేళల్లో చూసుకోడానికి. అదే షటిల్ తిరుగు ప్రయాణంలో, జూన్ 22న, మన సునీతా విలియమ్స్ భూమికి దిగారు. అంటే పోయేటప్పుడు డిస్కులు, వచ్చేటప్పుడు సునీత. ఈ సంగతి తెలిసిన రోజు మా నాగాయలంక వాడు డిస్కుకి దండం పెట్టాడు.

ప్రతి సిరీస్‌కీ ఈ అదృష్టం పట్టలేదు. 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్'ని 2012 నుంచి 2014 దాకా బ్లూ-రేలో తెచ్చారు. పాత ఫిల్ము నెగెటివ్‌లన్నీ మళ్లీ స్కాన్ చేసి, ఎఫెక్టులు మళ్లీ కూర్చి, కొత్త సిరీస్ తీసినంత పని చేశారు. బొమ్మ అద్భుతం. కానీ అప్పటికే జనం డిస్కులు కొనడం మానేస్తున్నారు. అనుకున్నంత అమ్మకాలు లేవు. దాంతో తర్వాతి సిరీస్ 'డీప్ స్పేస్ నైన్'కి ఆ భాగ్యం దక్కలేదు. ఇప్పుడు మీ ఫోన్లో అది ఎక్కడ చూసినా మసగ్గానే ఉంటుంది. అభిప్రాయం అందరికీ ఉంది, పర్సు తీసినవాళ్లు తక్కువ.

మరి మనవి?

మా వయసువాళ్లకి టీవీలో అంతరిక్షం అంటే దూరదర్శన్‌లో 1998లో వచ్చిన 'కెప్టెన్ వ్యోమ్'. కేతన్ మెహతా తీశాడు, మిలింద్ సోమన్ హీరో. హిందీ సగమే అర్థమయ్యేది, గ్రాఫిక్స్ వీడియో గేమ్‌లా ఉండేవి, అయినా స్కూల్లో మర్నాడంతా అదే ముచ్చట. తెలుగులో? సినిమాలో 'ఆదిత్య 369' ఉంది. 1991లోనే సింగీతం వారు టైమ్ మెషీన్ ఎక్కించేశారు. 2025 ఏప్రిల్ 4న 4కెలో మళ్లీ విడుదలైతే ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్లారు. టీవీలో మాత్రం శూన్యం. మన అమృతం కూడా టీవీలో ఉన్నన్నాళ్లూ హోటల్ నడిపి, 2014లో వెండితెర మీదికొచ్చాకే చంద్రమండలం వెళ్లాడు. 'కల్కి' ముందు వచ్చిన 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ రెండంటే రెండే ఎపిసోడ్లు.

డబ్బులు లేక అంటారు. నాకు పూర్తిగా నమ్మకం లేదు. ఫైర్‌ఫ్లైలో సగం కథ నాలుగ్గదుల నౌకలో, వంటగది బల్ల చుట్టూ జరుగుతుంది. మన డైలీ సీరియల్ కూడా ఒక్క హాల్లోనే వందల ఎపిసోడ్లు నడుస్తుంది. తేడా ఏంటంటే వాళ్ల బల్ల దగ్గర తొమ్మిదిమందికీ తలా ఒక పని ఉంది. బండి నడపాలి, రిపేరు చెయ్యాలి, వైద్యం చెయ్యాలి, డబ్బులు తేవాలి. మన సీరియల్ మనుషులకి చెయ్యడానికి పనే ఉండదు, కుట్ర తప్ప.

డిస్కుల రోజులూ అయిపోయాయి. 28 రూపాయలకి వీసీడీ, 34కి డీవీడీ ఇచ్చి సంచలనం చేసిన మోసర్ బేర్ కంపెనీ 2018లో దివాలా తీసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల డిస్కులమ్మిన బడ్డీల్లో ఇప్పుడు ఫోన్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు వేలాడుతున్నాయి. దానికి నేనేం ఏడవను. ఫోన్లో చూడటం హాయి. కాకపోతే ఒప్పందం ముగిస్తే సిరీస్ రాత్రికి రాత్రి యాప్‌లోంచి మాయమవుతుంది. బుడమేరు కూడా నాకు వారం టైమిచ్చింది.

నాలుగులో మూడు

కడిగి ఆరబెట్టానే గానీ చూద్దామంటే ప్లేయర్ లేదు. చైనా ప్లేయర్ ఎప్పుడో పోయింది, నా ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ లేదు. ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ డ్రైవ్ తెప్పించా. మొదటి డిస్కు ఆడింది. నాలుగోదీ ఆడింది. రెండోది అంచు దగ్గర తెల్లగా పొంగింది, డ్రైవ్ దాన్ని గుర్తు కూడా పట్టలేదు. మూడోది ఆడుతుంది గానీ అక్కడక్కడా గడులు గడులుగా ఆగిపోతోంది. హాస్టల్ చిట్కా ఒకటుందిగా, టూత్‌పేస్ట్. వేలితో రాసి, నిలువుగా తుడిచి, కడిగి పెట్టా.

అక్టోబరు చివర్లో ఓ ఆదివారం అందరం ఆ పాత ముందు గదిలోనే చేరాం. గుడివాడ వాడు బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. గోడమీద నీటి గీత ఇంకా అలాగే ఉంది, నా భుజం ఎత్తున. బాబాయ్‌కి డెబ్భై దగ్గర పడ్డాయి. బండి వాళ్లబ్బాయి చూసుకుంటున్నాడు. ఆ బండే ఇంటి పక్క ఖాళీ స్థలంలో మూడు రోజులు క్యాబిన్ దాకా నీళ్లలో ఉంది. ఇంజిన్లోకి బురద పోయింది. ఆటోనగర్ షెడ్డుల్లో ఆ నెలంతా మునిగిన బళ్లే, వరసలో నిలబెట్టి.

"ఆ లారీ కథ పెట్టండ్రా" అన్నాడు ఆయన, కుర్చీ ముందుకి లాక్కుని.

పెట్టాం. రెండుచోట్ల గడులు పడ్డాయి, మళ్లీ కదిలింది. కెప్టెన్ కడుపులో తూటాతో పాక్కుంటూ ఇంజిన్ గదికెళ్లి ఆ ముక్క బిగిస్తాడు. ఫ్యాను తిరుగుతుంది. బాబాయ్ ఏమీ అన్లేదు. ఆఖర్న ఇంకో సీనుంది, మాల్ మొదటిసారి ఈ పాత నౌకని చూసే రోజు. అమ్మేవాడు పక్కనున్న వేరే నౌక గురించి గొప్పలు చెప్తుంటే ఇతను మాత్రం దీన్నే చూస్తుంటాడు. అది వస్తుండగా బాబాయ్ కొడుకువైపు తిరిగాడు.

"సెల్ఫ్ మోటార్ వచ్చిందంటనా?"

"రేపు ఇస్తానన్నాడు నాన్నా."

"రేపంటే రేపివ్వడు. పొద్దున్నే పోయి షెడ్డులో కూచో" అని చెప్పి, మళ్లీ తెరవైపు చూశాడు.